కిలో కంప్యూటర్ కావాలి!

'కిలో బరువుండే కంప్యూటర్ ఉందా తమ్ముడూ?'

కౌంటర్ వెనకున్న కుర్రాడు ఒక్క క్షణం తెల్లమొహం వేశాడు. ఐ3నా, ఐ5నా అని అడిగేవాళ్లను చూశాడు. ర్యామ్ ఎంత, ఈఎంఐ ఎంత అనేవాళ్లను రోజూ చూస్తాడు. కూరగాయల బండి దగ్గర అడిగినట్టు కంప్యూటర్‌ని కిలోల లెక్కన అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకూ తగల్లేదు!

అడిగిన పెద్దాయన నవ్వులాటకు అడగలేదు. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. పక్కన కూతురు. ఇద్దరూ చీకటితోనే సూర్యాపేటలో బస్సెక్కి వచ్చారు. ఆయన చొక్కా లోపలి జేబులో ముప్ఫై వేల రూపాయలున్నాయి. చీటీ ఎత్తిన డబ్బు. మళ్లీ చీటీ చేతికి రావాలంటే రెండేళ్లు ఆగాలి. అందుకే ఈసారి బేరం తప్పకూడదు.

'ఈసారి' అనడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం పండగ ఆఫర్లో చౌకగా వస్తోందని పదిహేనున్నర అంగుళాల ల్యాప్‌టాప్ ఒకటి కొన్నారు. అప్పుడు అమ్మాయి కాలేజీలో ఉంది, బల్లమీద పెట్టుకుని చదువుకుంది. బాగానే ఉండేది. ఇప్పుడు పల్లెల్లో సర్వేలు చేసే ఉద్యోగం వచ్చింది. వారంలో నాలుగు రోజులు ప్రయాణాలే. ఇల్లెందు, భద్రాచలం, ఉట్నూరు, ఆసిఫాబాద్... పగలంతా ఇంటింటికీ తిరగాలి, రాత్రికి ఏ లాడ్జిలోనో కూర్చుని వివరాలన్నీ ఎక్కించి పంపాలి. ఆ ల్యాప్‌టాప్ రెండు కిలోల మూడొందల గ్రాములు. ఛార్జరు, మౌసు, సంచి కలిస్తే మూడు కిలోల పైమాటే. ఛార్జింగ్ చూస్తే గంటకు మించి నిలవదు. మూడు నెలలు తిరిగేసరికి కుడి భుజం నొప్పి పట్టుకుంది. ఉద్యోగం మానేద్దామా అన్న మాట కూడా ఓ రాత్రి ఫోన్లో వచ్చింది. ఆ మర్నాడే నాన్న చీటీ పాడారు.

దారి అడగక్కర్లేదు

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర దిగి పార్క్‌లేన్ వైపు నడిస్తే చాలు, ఎవరినీ దారి అడగాల్సిన పని లేదు. కాళ్ల మధ్య మానిటర్ అట్టపెట్టె ఇరికించుకుని పోయే స్కూటర్లు, భుజాన ప్రింటర్ మోసుకెళ్లే హమాలీలు, 'ల్యాప్‌టాప్ సార్... రిపేరా మేడం?' అంటూ వెంటపడే కుర్రాళ్లు... అవన్నీ కనిపించాయంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వచ్చేసినట్టే. అంత పొడుగు పేరు పలికే తీరిక ఇక్కడెవరికీ లేదు. అందరికీ అది సీటీసీ. చెనాయ్ అన్నది సికింద్రాబాద్‌లో పేరున్న పార్సీ కుటుంబం ఇంటిపేరు. ఇప్పుడు ఆ పేరు వింటే చాలామందికి గుర్తొచ్చేది కంప్యూటరే.

ఢిల్లీకి నెహ్రూప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్పీ రోడ్, ముంబయికి లామింగ్టన్ రోడ్ ఎలాగో, హైదరాబాద్‌కి సీటీసీ అలాగ. ఇంజినీరింగ్ సీటొచ్చిన పిల్లాడికి కంప్యూటర్ 'అసెంబుల్' చేయించడానికి జిల్లాల నుంచి తండ్రులు డబ్బు మూటగట్టుకుని వచ్చిన రోజులున్నాయి. మదర్‌బోర్డు ఒక దుకాణంలో, క్యాబినెట్ ఇంకో దుకాణంలో కొని, మూడో దుకాణంలో బిగించుకుని సాయంత్రం బస్సుకి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు.

ఇప్పుడు కంప్యూటర్ కూడా ఫోన్లోనే ఆర్డరిస్తే ఇంటికొస్తోంది. అయినా ఇంతదూరం రావడమెందుకంటే... ఫోన్ తెరమీది ఫొటోని చేత్తో ఎత్తి చూడలేం కదా!

ఆరోజుల్లో పదకొండు కిలోలు!

ప్రయాణంలో వెంట తీసుకెళ్లే కంప్యూటర్ అన్న ఆలోచన కొత్తదేం కాదు. 1981లో అమెరికాలో 'ఆస్బోర్న్ 1' వచ్చింది. మోసుకెళ్లే కంప్యూటర్‌గా వ్యాపారపరంగా గెలిచిన మొదటి యంత్రం అదే. బరువు సుమారు 11 కిలోలు! చూడటానికి కుట్టుమిషన్ పెట్టెలా ఉండేది. తెర అయిదంగుళాలు. బ్యాటరీ లేదు, గోడకున్న ప్లగ్గే దిక్కు.

రెండేళ్లకే, 1983లో, 'టీఆర్ఎస్-80 మోడల్ 100' వచ్చింది. కిలోన్నర లోపు బరువు. టార్చిలైట్లో వేసే మామూలు పెన్సిల్ సెల్స్ నాలుగు వేస్తే దాదాపు 20 గంటలు నడిచేది. తెరమీద ఎనిమిదే వరసలు కనపడేవి. అయినా ఊళ్లు తిరిగే విలేకరులు దాన్ని ప్రాణంలా చూసుకునేవాళ్లు. కారణం ఒక్కటే... తేలిక, మంచి కీబోర్డు, అయిపోని ఛార్జింగ్. ప్రయాణికుడికి ఏం కావాలో నలభై ఏళ్ల క్రితమే తేలిపోయిందన్నమాట.

సీటీసీలో పాతికేళ్లుగా ఉంటున్న ఓ దుకాణదారు ఆ తర్వాతి కథ చెబుతూ బీరువాలోంచి ఓ బుల్లి తెల్లటి యంత్రాన్ని తీసి చూపించారు. ఆసుస్ ఈఈఈ పీసీ 701. పెద్ద నోట్‌బుక్ అంత ఉంటుంది, అంతే. 2007 జూన్‌లో తైపీలో ప్రకటించారు, ఆ ఏడాది చివరికి అమ్మకానికొచ్చింది. ఏడంగుళాల తెర, 4 జీబీ మెమరీ, లినక్స్. బరువు 920 గ్రాములు. అంతకుముందు చిన్న ల్యాప్‌టాప్ అంటే పెద్ద ఆఫీసర్ల సొత్తు. చిన్నదయ్యేకొద్దీ ధర పెరిగేది. ఈ బుల్లి పెట్టె ఆ లెక్కని తిరగేసింది. చిన్నది, చౌకైనది ఒకటే కావచ్చని చూపించింది.

ఇక 2008లో అన్ని కంపెనీలూ ఇదే దారి పట్టాయి. ఇంటెల్ 'ఆటమ్' చిప్ తెచ్చింది. ఏసర్, డెల్, హెచ్‌పీ, శాంసంగ్... అందరూ బుల్లి ల్యాప్‌టాప్‌లే. వాటికి 'నెట్‌బుక్' అన్న పేరు స్థిరపడింది. సీటీసీలో అవి పెసరట్లలా అమ్ముడయ్యాయని ఆ దుకాణదారు నవ్వుతూ చెప్పారు. కానీ ఆ మోజు అయిదేళ్లయినా నిలవలేదు. పది అంగుళాల తెరమీద పేజీ సగమే కనపడేది. ఒక జీబీ ర్యామ్‌తో రెండు పనులు కలిపి చేస్తే పీకులాట మొదలయ్యేది. 2010లో ఐప్యాడ్ వచ్చింది, ఆ వెనకే చౌక టాబ్లెట్లు వచ్చాయి. 2013 నాటికి కంపెనీలు నెట్‌బుక్‌లను దాదాపు వదిలేశాయి.

నెట్‌బుక్ పోయింది కానీ దాని అవసరం పోలేదు. అదిగో, కండక్టర్ గారి కూతురి భుజం నొప్పి రూపంలో సీటీసీ మెట్లెక్కి వచ్చింది!

కొక్కెం త్రాసు

పెద్దాయన సంచిలోంచి ఓ వస్తువు తీశారు. విమానమెక్కేవాళ్లు సూట్‌కేసులు తూచుకునే చిన్న కొక్కెం త్రాసు. దుకాణంలో వాళ్లంతా ఘొల్లున నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. కుర్రాడు చూపించిన ప్రతి ల్యాప్‌టాప్‌నీ దాని ఛార్జర్‌తో సహా గుడ్డసంచిలో వేయించి తూచారు.

'కంప్యూటర్ ఒక్కటే కిలోన్నర అంకుల్' అన్నాడు కుర్రాడు ఒకదాన్ని చూపిస్తూ. త్రాసు మాత్రం రెండు కిలోలకు దగ్గరగా చూపించింది. మిగతాది ఇటుకలాంటి ఛార్జరు, దాని లావుపాటి వైరు. డబ్బా మీద రాసే బరువులో ఛార్జరు ఉండదు. కానీ మోసేవాళ్లు రెండూ మోయాలి కదా!

'దుకాణంల ఎత్తి చూస్తే అన్నీ తేలిగ్గనే ఉంటయి బిడ్డా. పొద్దుగూకే యాళకు తెలుస్తది అసలు బరువు' అన్నారాయన కూతురితో. ముప్ఫై ఏళ్లు ఎడమ భుజాన తోలుసంచి వేలాడేసుకుని నిలబడ్డ మనిషి మాట అది. సంచి మోసీ మోసీ ఆయన ఎడమ భుజం ఇప్పటికీ ఓ అంగుళం కిందికే ఉంటుంది.

అందుకే ఆయన పెట్టుకున్న హద్దు- ఛార్జర్‌తో కలిపి కిలోన్నర. అది దాటితే ఎంత మంచిదైనా వద్దు. ఆ హద్దులోకి రావాలంటే తెర 11.6 నుంచి 13.3 అంగుళాల మధ్య ఉండాలి. 14 అంగుళాల్లోనూ కిలోంబావు బరువున్నవి ఉన్నాయి గానీ అవి చీటీ డబ్బుకి అందేవి కావు.

బరువు తగ్గించే చిట్కా ఇంకోటుంది. యూఎస్‌బీ-సి పోర్టు ద్వారా ఛార్జింగయ్యే ల్యాప్‌టాప్ అయితే అరచేతిలో ఇమిడే 65 వాట్ల ఛార్జరు ఒక్కటి చాలు. అదే ఫోనుకీ పనికొస్తుంది. కాకపోతే యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్నంత మాత్రాన దాంతో ఛార్జింగవుతుందని నమ్మకూడదు. కొన్నింట్లో అది పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికే. కొనేముందు అక్కడే గుచ్చి చూడాలి.

కరెంటు లెక్క

ఎనిమిది గంటలు, పది గంటలు నిలుస్తుందని ప్రకటనల్లో రాస్తారు. వాటికన్నా నమ్మకమైన లెక్క బ్యాటరీ మీదే ఉంటుంది. 'వాట్ అవర్' అని రాసి, ముందో అంకె వేస్తారు. చిన్న ల్యాప్‌టాప్‌లకు అది 35 నుంచి 60 దాకా ఉండొచ్చు. టైపింగూ, కాస్త ఇంటర్నెట్టూ లాంటి తేలిక పనులకు చిన్న ల్యాప్‌టాప్ గంటకు 7 వాట్లు లాగుతుందనుకుందాం. 42 వాట్ అవర్ల బ్యాటరీని ఏడుతో భాగిస్తే ఆరు గంటలు. తెర వెలుతురు పెంచి, వీడియోలు చూస్తే గంటకు పన్నెండు, పదిహేను వాట్లయినా తాగేస్తుంది. అప్పుడు ఆరు కాస్తా మూడవుతుంది.

ప్రయాణాల్లో ఈ లెక్క ఎందుకంటే... రైల్లో ప్లగ్గు ఉంటుంది కదా అనుకుంటాం. అగ్ని ప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేయాలని 2021లో రైల్వే నిర్ణయించింది. సరిగ్గా పగలు సర్వే ముగించుకుని రాత్రి రైలెక్కి పని చేసుకోవాల్సిన వేళలవే! పల్లె లాడ్జిల సంగతి చెప్పనక్కర్లేదు. గదికో ప్లగ్గు, అది కూడా మంచానికి ఆమడదూరం.

విమానంలో వెళ్లేవాళ్లకు మరో అంకె గుర్తుండాలి, వంద. బ్యాటరీ 100 వాట్ అవర్లలోపు ఉంటే ఏ అనుమతీ అక్కర్లేదు. పవర్‌బ్యాంకులు మాత్రం లగేజీలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకి చేతిసంచి సాధారణంగా ఏడు కిలోలే. అందులో మూడు కిలోలు కంప్యూటరే తినేస్తే ఇక బట్టలెక్కడ పెట్టాలి?

వేళ్లకూ కళ్లకూ నచ్చాలి

'ఇదైతే కిలో కూడా లేదు మేడం' అంటూ ఇంకో దుకాణంలో పది అంగుళాల టాబ్లెట్, దానికి అతికించే కీబోర్డు చూపించారు. ముద్దుగా ఉంది. అమ్మాయి స్టూలు మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. బస్సు సీట్లో ఊగినట్టు కాస్త ఊగింది. తెర వెనక్కి పడిపోయింది! విడిగా ఆసరా పెట్టి నిలబెట్టేవి బల్లమీదే బాగుంటాయి. ఒళ్లో పెట్టుకు పనిచేయాలంటే కింది భాగం గట్టిగా, తెర బిగుతుగా ఉండే మామూలు ల్యాప్‌టాపే నయం.

తర్వాత టైపింగ్. మామూలు కీబోర్డులో ఒక కీ నడిమి నుంచి పక్క కీ నడిమికి సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటుంది. వేళ్లకు ఆ దూరం అలవాటు. నెట్‌బుక్‌లు ఓడిపోయింది ఇక్కడే, చోటు లేక కీలను ఇరికించేశారు. 11.6 అంగుళాలు దాటితే పూర్తి కొలత కీబోర్డు పడుతుంది. అమ్మాయి ప్రతి దుకాణంలోనూ ఒకే పరీక్ష పెట్టింది. విండోస్‌లో తెలుగు కీబోర్డు ముందే ఉంటుంది, దాన్ని ఆన్ చేసి తమ ఇంటి చిరునామాను తెలుగులో గబగబా టైపు చేసేది. మూడు వరసల్లో నాలుగు తప్పులొస్తే ఆ కీబోర్డు తనది కాదన్నట్టే.

తెరను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండవైపు తిప్పి చూసింది. నిగనిగలాడే తెరలో అక్షరాలకు బదులు తన మొహమే కనిపించింది. మెరుపులేని తెర, అంటే 'మ్యాట్', ప్రయాణాలకు మేలు. వెలుతురుని నిట్స్‌లో చెబుతారు. చౌకవాటిలో 220, 250 ఉంటుంది. కిటికీ పక్క సీట్లో పని చేసుకోవాలంటే 300 ఉంటే హాయి.

కొత్తది, చౌకది... మరి చిక్కేంటి?

మూడో అంతస్తులో కొత్త ల్యాప్‌టాప్‌ల దుకాణం. ఇరవై వేలలోపు కొత్తది, తేలికైనది, ఏడాది వారంటీ! పెద్దాయన మొహం వెలిగింది. అమ్మాయి చిన్న అక్షరాలు చదివింది. ర్యామ్ 4 జీబీ, స్టోరేజీ 64 జీబీ. రెండూ బోర్డుకే అతికించి ఉన్నాయి. తర్వాత పెంచుకునే వీల్లేదు.

విండోస్ 11 నడవాలంటే కనీసం ఉండాల్సింది కూడా సరిగ్గా ఆ అంకెలే, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. అంటే ముప్ఫై అయిదు మార్కులన్నమాట. పాసవుతుంది, అంతే! అందులో విండోసే చాలా చోటు ఆక్రమిస్తుంది. పెద్ద అప్‌డేట్ వస్తే చోటు చాలదని మొండికేస్తుంది. ఇవాళ ఆదా అయిన డబ్బు ఏడాదిలో మళ్లీ ఖర్చవుతుంది. విండోస్ మీద పనిచేసేవాళ్లకు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ... ఇదీ ఈ రోజుల్లో కనీస భోజనం.

మరి విండోసే అక్కర్లేనివాళ్లకో? వాళ్లకు దారులున్నాయి. క్రోమ్‌బుక్‌లు తక్కువ ర్యామ్‌తోనూ చురుగ్గా నడుస్తాయి. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. అయితే ఆ పదేళ్లు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ పుట్టినప్పటి నుంచి లెక్క. 2023 జులైలో జియోబుక్‌ని 16,499 రూపాయలకు తెచ్చినప్పుడు దాని బరువు 990 గ్రాములే. దాంట్లోనూ విండోస్ కాదు, సొంత ఆపరేటింగ్ సిస్టమ్. మెయిళ్లు, పాఠాలు, ఫొటోలు, ప్రయాణపు డైరీ... ఇలాంటి పనులకు ఆ తరహావి సరిపోవచ్చు. సర్వే సంస్థ సాఫ్ట్‌వేర్ మాత్రం విండోస్‌లోనే నడుస్తుంది. అందుకే 'ఏది మంచిది' అన్న ప్రశ్నకన్నా ముందు 'ఏం పని' అన్న ప్రశ్న రావాలి.

అసలు కొనాలా వద్దా అన్నదీ అందులోనే తేలిపోతుంది. నాలుగు రోజులు కాశీకి, షిర్డీకి వెళ్లొచ్చేవాళ్లకు ఫోనే చాలు. పది వాక్యాలకు మించి టైపు చేసేవాళ్లకే ల్యాప్‌టాప్.

తరం చూసి తీసుకో...

ఇక మిగిలింది సెకండ్స్. ఇప్పుడు దానికి 'రీఫర్బిష్డ్' అని గౌరవంగా పేరు. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చిన ల్యాప్‌టాప్‌లను కొన్నేళ్లకు మూకుమ్మడిగా మార్చేస్తాయి. అవి శుభ్రపడి, సరుకుగా సీటీసీ లాంటి మార్కెట్లకు చేరతాయి. వాటిలో ప్రయాణాల కోసమే తయారైనవి ఉంటాయి. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్ సిరీస్, డెల్ లాటిట్యూడ్ 7000 సిరీస్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 800 సిరీస్ లాంటివి. 12.5 అంగుళాల తెర ఉన్న వాటి బరువు కిలోంబావు అటూఇటూ. కొత్తగా ఉన్నప్పుడు ఖరీదైన సరుకే.

మొదటి దుకాణంలో పద్నాలుగు వేలకే ఒకటి చూపించారు. గీత లేదు, మచ్చ లేదు. అమ్మాయి అడుగున అతికించిన కాగితం చూసింది. 'ఐ5-7300యూ'. తల అడ్డంగా ఊపింది.

'ఏమైంది బిడ్డా, మంచిగనే ఉంది గదా?'

'ఏడో తరం నాన్నా. విండోస్ 11 రాదు.'

గీత పక్కనున్న అంకెలోనే గుట్టంతా ఉంటుంది. 7300 అంటే ఏడో తరం, 8350 అంటే ఎనిమిదో తరం, 10210 అంటే పదో తరం. ఇంటెల్ చిప్పుల్లో ఒకటీ అరా తప్పిస్తే ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అర్హత. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఏదో తంటాలు పడి పాతదాంట్లో 11 ఎక్కించి ఇస్తామనేవాళ్లుంటారు. కానీ అలా ఎక్కించినదానికి ముందు ముందు అప్‌డేట్లు వస్తాయన్న భరోసా ఉండదు. ఊరిజనం ఇచ్చిన వివరాలు దాచుకునే యంత్రానికి అది మంచిది కాదు. ఏడో తరానికీ ఎనిమిదో తరానికీ పైకి తేడా తెలియదు, కొన్నిసార్లు మోడల్ పేరూ ఒకటే ఉంటుంది. అందుకే కాగితం చదవాల్సిందే.

నాలుగో దుకాణంలో దొరికింది, 'ఐ5-8350యూ'. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 12.5 అంగుళాలు, మ్యాట్ తెర. త్రాసు మీద 65 వాట్ల చిన్న ఛార్జర్‌తో కలిపి కిలోన్నరలోపే. పెద్దాయన బేరానికి కూర్చున్నారు. కూతురు పరీక్షలకు దిగింది.

ముందు బ్యాటరీ రిపోర్ట్ తీయించింది. విండోస్‌లోనే ఉండే ఒక చిన్న ఆదేశంతో వస్తుందది. బ్యాటరీ పుట్టినప్పుడెంత, ఇప్పుడెంత పట్టుకుంటోందో రెండంకెలూ పక్కపక్కనే చూపిస్తుంది. పుట్టినప్పుడు 42, ఇప్పుడు 27. అంటే ఆరు గంటల బ్యాటరీ నాలుగు గంటలకు దిగింది. అక్కడే బేరం మలుపు తిరిగింది. కొత్త బ్యాటరీ వేసిస్తేనే తీసుకుంటామన్నారు. వేశాక మళ్లీ రిపోర్ట్ తీసి చూశారు.

తర్వాత మెషీన్‌ని ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లి చూసింది. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అక్కడ మిగిలిపోతే రేపు రిపేరుకు ఇబ్బంది. విండోస్ యాక్టివేట్ అయిందో లేదో సెట్టింగ్స్‌లో చూసింది. తెల్లని పేజీ ఒకటి, నల్లని పేజీ ఒకటి తెరనిండా పెట్టి మచ్చలు వెతికింది. ప్రతి కీ నొక్కింది. యూఎస్‌బీ పోర్టులన్నిట్లో పెన్‌డ్రైవ్ పెట్టి తీసింది. కెమెరా, మైకు, వైఫై సరేసరి. తెర మూలను ఒక వేలితో ఎత్తి వదిలింది. ఎక్కడ వదిలితే అక్కడే ఆగింది. అంటే హింజ్ గట్టిగా ఉన్నట్టే.

ముప్పావు గంట పట్టింది. దుకాణదారు విసుక్కోలేదు. 'ఇట్ల చూసుకుని కొనేటోళ్లు మళ్ల గొడవకు రారు మేడం' అన్నాడు. బ్యాటరీ, ఛార్జర్‌తో కలిపి ఇరవై ఒక్క వేలకు బేరం తెగింది. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు, ఆర్నెల్ల వారంటీ, కొత్త బ్యాటరీ సంగతి... మూడూ రాయించాకే పెద్దాయన లోపలి జేబులో చెయ్యి పెట్టారు.

సంచిలో వేసుకోవాల్సిన చీటీ

అమ్మాయి పొద్దున బస్సులో రాసుకున్న కాగితం ఇది. ఎవరికైనా పనికొస్తుంది.

* ఛార్జర్‌తో కలిపి కిలోన్నర దాటొద్దు.

* తెర 11.6 నుంచి 13.3 అంగుళాలు. మ్యాట్ అయితే మంచిది.

* ర్యామ్ 8 జీబీ, ఎస్ఎస్‌డీ 256 జీబీ. ర్యామ్ పెంచుకోవచ్చో లేదో అడగాలి.

* పాతదైతే ఎనిమిదో తరం లేదా ఆపైన.

* బ్యాటరీ రిపోర్ట్ కళ్లారా చూడాలి. అడుగుభాగం ఉబ్బినట్టుంటే తాకొద్దు.

* యూఎస్‌బీ-సితో ఛార్జింగ్ అవుతుందా? గుచ్చి చూడాలి.

* తెలుగులో మూడు వరసలు టైపు చేయాలి.

* బిల్లు, సీరియల్ నంబరు, వారంటీ... అన్నీ రాతలో.

తిరుగు బస్సు

ప్యారడైజ్‌లో మెట్రో ఎక్కి ఒక్క స్టేషన్... పరేడ్ గ్రౌండ్. అక్కడ లైను మారితే నేరుగా ఎంజీబీఎస్. సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ సిద్ధంగా ఉంది. కొత్త సంచి దారంతా నాన్న భుజానే ఉంది. కూతురు రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు.

కండక్టర్ వచ్చాడు. అమ్మాయి ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిచ్చాడు. పెద్దాయన సరిపడా చిల్లర ముందే లెక్కపెట్టి ఉంచుకున్నారు, పాత అలవాటు. చిల్లర అడక్కుండానే చేతికొచ్చేసరికి ఆ కుర్రాడు ఆయన మొహంలోకి ఓసారి చూసి, 'ఏ డిపో సార్?' అని పలకరించాడు.

ఎల్బీనగర్ దాటాక ముందు సీటు మనిషి సీటుని వెనక్కి వాల్చాడు. పాతదైతే ఇక్కడే తెర సగం మూసుకుని, పని ఆగిపోయేది. అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెల్లగా తెరిచింది. పూర్తిగా తెరుచుకుంది. ముందు సీటుకీ తెరకీ మధ్య ఇంకా నాలుగు వేళ్ల సందు ఉంది. సోమవారం పంపాల్సిన ఉట్నూరు వివరాలు ఎక్కించడం మొదలుపెట్టింది.

చౌటుప్పల్ వచ్చేసరికి పద్దెనిమిది ఇళ్లు పూర్తయ్యాయి. ఛార్జింగ్ ఇంకా ఎనభై ఎనిమిది శాతం ఉంది. పక్కకి తిరిగి ఆ మాట చెప్పబోయింది. నాన్న ఖాళీ సంచిని ఎడమ భుజానే వేలాడేసుకుని, సీటుకి తలవాల్చి హాయిగా నిద్రపోతున్నారు.